రెండు విమానాల అవతల

పిల్లకి బడిలో రాయించిన పేరు వేరే ఉంది. ఇంట్లో మాత్రం బొంగరం. నడక రాకముందే తిరగడం వచ్చింది దానికి. కుర్చీ పట్టుకుని లేచేది, చెయ్యి వదిలేసి తన చుట్టూ తాను ఒక్క చుట్టు తిరిగేది, చతికిలబడేది, బోసినోటితో నవ్వేది. ఆ పేరు పెట్టింది వాళ్ళ నాన్న. ఆయన లిఫ్టులు బాగుచేసేవాడు. పొద్దస్తమానం పైకీ కిందకీ తిరిగేవాడికి గుండ్రంగా తిరిగే కూతురు పుట్టిందని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

పిల్లకి రెండేళ్ళు నిండాయో లేదో, ఆయన జబ్బుచేసి పోయాడు. చూస్తూ ఉండగానే చిక్కి సగమై, ఆ సగమూ దక్కకుండా పోయాడు. ఇంట్లో మిగిలింది ఇద్దరు ఆడవాళ్ళూ ఒక పిల్లా. ఒకామె పిల్ల తల్లి. రెండో ఆమె పోయినాయన చెల్లెలు, అంటే పిల్లకి మేనత్త. ఇది ఆ మేనత్త కథ.

ఆమె పని కట్టుడు పళ్ళు తయారుచేయడం. టైర్ల దుకాణం పై అంతస్తులో రెండు బల్లలు, ఒక గ్యాస్ దీపం, గోడ పొడుగునా ప్లాస్టర్ దవడలు. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపేవారు. ఆ అచ్చు మీద మైనం పరిచి, మైనంలో ఒక్కొక్క పన్నూ నిలబెట్టి, కింది వరుసకి పై వరుస కుదిరిందో లేదో చూసుకోవడం ఆమె వంతు. మొహాలు ఎప్పుడూ చూడదు, నోళ్ళు మాత్రమే చూస్తుంది. ఆ చోటు నడిపే పెద్దాయన హాస్యగాడు. కింద టైర్ల దుకాణం దగ్గర ఎవరైనా పోట్లాడుకుంటూ "పళ్ళు రాలగొడతా" అని అరిస్తే కిటికీలోంచి తలపెట్టి, "రాలినవాణ్ణి పైకి పంపించండి బాబూ" అనేవాడు.

వదిన ఒక హోటల్లో రిసెప్షన్‌లో చేసేది. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. అందుకని పిల్ల మేనత్త చేతుల్లోనే పెరిగిందని చెప్పాలి. స్నానం మేనత్తే, జడలు మేనత్తే, జ్వరం వస్తే మేలుకునేదీ మేనత్తే. పడుకునేటప్పుడు బొంగరం ఆమె చెవి తమ్మె రెండు వేళ్ళతో పట్టుకునేది. నిద్రలో ఆ పట్టు సడలితే ఉలిక్కిపడి మళ్ళీ వెతుక్కునేది. ఆమె కుడిచెవికి దుద్దు పెట్టుకోవడం మానేసింది. పిల్ల వేళ్ళకి గుచ్చుకుంటుందని.

పెళ్ళి ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "తీరికేదీ?" అనేది. అది అబద్ధమేమీ కాదు.

వదిన పనిచేసే హోటల్లో శీతల గది పాడైంది. బాగుచేయడానికి ఎక్కడో దూరదేశపు నగరం నుంచి ఒక మనిషిని పంపించారు. అక్కడే స్థిరపడ్డ మనవాడు. ఒద్దికైన మనిషి. వారంలో అయిపోవలసిన పని నెల పట్టింది. రెండో వారం నుంచి చెడిపోయింది యంత్రం కాదని హోటల్లో అందరికీ తెలిసిపోయింది. వెళ్ళిపోయే ముందు తనని పెళ్ళి చేసుకోమని వదినని అడిగాడు. ఆమె కుదరదని చెప్పి ఇంటికొచ్చి వంటగదిలో కూర్చుని ఏడ్చింది.

"వద్దని చెప్పేశావు కదా, మరి ఏడుపెందుకు వదినా?" అంది మేనత్త.

"వద్దని చెప్పాను కాబట్టే."

"ఆయన మంచివాడేనా?"

"మంచివాడే. బొంగరం వాళ్ళ నాన్న గురించి అడిగాడు. ఎలా ఉండేవారు, ఏం చేసేవారు అని. ఇంతవరకూ నన్ను ఎవరూ అడగలేదు. అందరూ ఎలా పోయాడనే అడుగుతారు."

మేనత్త స్టవ్వు కట్టేసింది. పక్కన కూర్చుంది.

"ఫోన్ చేసి సరేనని చెప్పు."

"నీకు మతి పోయిందా? అది ఎక్కడో ప్రపంచానికి అటు చివర. పిల్లని తీసుకుని నేను అంత దూరం పోతే నువ్వు..."

"నా సంగతి వదిలెయ్. ముప్పై నాలుగేళ్ళకే మూల కూర్చుంటావా? నువ్వు చెప్పకపోతే నేను చేస్తా ఫోను."

ఇలా అన్నది ఆమే. ఎవరూ బలవంతపెట్టలేదు. తరువాత ఎన్నోసార్లు అద్దం ముందు పళ్ళు తోముకుంటూ ఈ మాట తనకి తాను గుర్తు చేసుకుంది. మనస్ఫూర్తిగానే అన్నది. అయినా ఆ మాట అన్న నోటిని కొట్టాలనిపించేది.

పెళ్ళై బయలుదేరిన రోజు విమానాశ్రయంలో బొంగరం కొత్త బూట్లతో జారుతూ ఆడుకుంది. లోపలికి వెళ్ళే గాజు తలుపు దగ్గర మాత్రం ఆగి, "నువ్వు రావా అత్తా?" అంది.

"తర్వాత వస్తా."

"తర్వాత అంటే స్నానం చేశాకా?"

"ఆఁ. స్నానం చేసి వస్తా."

ఆరేళ్ళ పిల్ల నమ్మేసి చెయ్యి ఊపుతూ వెళ్ళిపోయింది. అక్కడికి చేరాక రెండు రోజులపాటు తలుపు చప్పుడైనప్పుడల్లా పరుగెత్తిందని వదిన చెప్పింది. ఆ సంగతి చెప్పకుండా ఉండాల్సింది అని తరువాత తనే అనుకుంది.

ఆ ఊరికి నేరుగా వెళ్ళే విమానం లేదు. ఏడు గంటలు ఒకటి, మధ్యలో ఎవరిదీ కాని ఊళ్ళో నాలుగు గంటల ఎదురుచూపు, ఆపైన ఆరు గంటలు ఇంకొకటి. ఎనిమిది వేల కిలోమీటర్ల పైచిలుకు. మేనత్త ఫోన్‌లో రెండు ఊళ్ళ పేర్లూ కొడితే మధ్యన ఒక వంపు గీత వచ్చేది. ఆ గీత మారదని తెలుసు. అయినా బస్సులో కూర్చోగానే వేళ్ళు వాటంతట అవే కొట్టేవి. ఒక్కోసారి దారి ఏమైనా తగ్గిందేమోనన్నట్టు చూసేది.

ఇక్కడ పొద్దుగూకే వేళకి అక్కడ పిల్ల బడి నుంచి వచ్చేది. మొదట్లో రోజూ మాట్లాడేవారు. బొంగరం ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరిగేది. మేనత్తకి తెరమీద పైకప్పూ, గుమ్మమూ, పిల్ల ముక్కూ కనిపించేవి. తరువాత వారానికి నాలుగు సార్లైంది. తరువాత ఆదివారాలకి దిగింది. పిల్లకి ఈత నేర్చుకోవడం ఉంది, స్నేహితులున్నారు. మాటల మధ్యలో తెలుగు దొరక్క ఆగిపోయేది. "అత్తా, అది... అది ఉంటుంది కదా, వాన వస్తే పైన పట్టుకునేది..." గొడుగు అని ఆమె అందించేది. అందించినందుకు సంతోషమూ, అందించాల్సి వచ్చినందుకు దిగులూ ఒక్కసారే కలిగేవి.

అలా మూడేళ్ళు గడిచాయి. సెలవు దొరికిన ఏడు వీసా రాలేదు. వీసా వచ్చిన ఏడు పెద్దాయనకి కాలు విరిగి పనంతా ఆమె మీద పడింది.

ఒక ఆదివారం బొంగరం ఫోన్‌లోకి మొహమంతా దూర్చి చెప్పింది.

"అత్తా, మా క్లాసులో ఒక రోజు ఉంది. ఇంట్లోవాళ్ళు వచ్చి వాళ్ళ పని చెప్పాలి. ఒకడి మావయ్య మంటలార్పుతాడు. ఒకమ్మాయి తాతయ్య పియానో బాగుచేస్తాడు. నేను మా అత్త పళ్ళు చేస్తుందని చెప్పేశాను."

"చెప్పేశావా? మరి అమ్మని తీసుకెళ్ళచ్చు కదా. నాన్నగారిని తీసుకెళ్ళచ్చు."

"ఫ్రిజ్‌లు ఎవరిక్కావాలి అత్తా? పళ్ళంటే అందరూ అబ్బా అన్నారు. నువ్వు వస్తావని చెప్పేశానంటే! టీచర్ నీ పేరు కూడా రాసుకుంది."

మర్నాడు మేనత్త పెద్దాయన ముందు నిలబడి వారం రోజులు సెలవు కావాలంది. ఆయన కళ్ళజోడు మీదుగా చూశాడు.

"మూడు సెట్లు పెండింగు ఉన్నాయి."

"తెలుసండీ."

"ముగ్గురు మనుషులు వారం రోజులు గంజి తాగాలి నీ మూలంగా."

"తెలుసండీ."

"పిల్లకేనా?"

ఆమె తలూపింది. "పోనీలే, గంజి ఒంటికి మంచిది. పోయిరా," అన్నాడు.

శుక్రవారం పిల్ల తరగతి. గురువారం సాయంత్రానికి చేరేటట్టు టికెట్ తీసుకుంది. అప్పుడు వచ్చిన వీసాకి ఇంకా గడువుంది. చేతిసంచిలో పిల్లలకి చూపించడానికి ఒక పూర్తి సెట్టు పెట్టుకుంది. తనిఖీ దగ్గర ఉద్యోగి ఆ డబ్బా తెరిచి, అందులోని పళ్ళనీ ఆమె నోటినీ మార్చి మార్చి చూశాడు. ఆమె తన పళ్ళు మొత్తం బయటపెట్టి నవ్వి చూపించింది. వెళ్ళమన్నాడు.

మొదటి విమానం సజావుగానే సాగింది. మధ్య ఊళ్ళో ఆమె ఎక్కడా కూర్చోలేదు, కాలుగాలిన పిల్లిలా గేటు చుట్టూ తిరిగింది. రెండో విమానంలో కిటికీ పక్కన ఒక తెలుగాయన తగిలాడు. ఆ దారిలో తరచూ తిరిగేవాడట. ఎదురుగా తెరమీద బొమ్మ విమానం నత్తలా పాకుతుంటే ఆమె దాన్నే చూస్తోందని గమనించాడు.

"అలా చూస్తే త్వరగా పోదమ్మా. ఇటు పోయేటప్పుడు గాలి ఎదురు కొడుతుంది. తిరిగొచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. అదే దూరానికి వచ్చేటప్పుడు గంట తక్కువ పడుతుంది."

"అంటే వెళ్ళాలనుకున్నప్పుడు ఆపుతుంది, ఉండాలనుకున్నప్పుడు తరుముతుంది. గాలికి కూడా నామీద పగేనా అండీ?"

"మా ఇల్లు మన ఊళ్ళోనే, తిరిగొచ్చే వైపు. నాకు గాలి చుట్టమే," అని నవ్వాడాయన.

ఆ నవ్వు పూర్తి కాకుండానే వెనక వరుసల్లో కలకలం మొదలైంది. ఒక ముసలాయనకి గుండెల్లో నొప్పి. డాక్టర్లెవరైనా ఉన్నారా అని అడిగారు. తెరమీద బొమ్మ విమానం ఉన్నట్టుండి ముక్కు తిప్పుకుంది. దగ్గరలోని ఒక చిన్న ఊళ్ళో దిగింది. రోగిని స్ట్రెచర్ మీద దించారు. అతని భార్య వెనకాలే నడిచింది. భర్త బూట్లు రెండు చేతుల్లోనూ పట్టుకుని ఉంది. సంచి మరిచిపోయింది, కోటు మరిచిపోయింది, బూట్లు మాత్రం పట్టుకుంది. మేనత్త ఆ బూట్లు చూశాక ఇక ఎవరిమీదా విసుక్కోలేకపోయింది.

వెంటనే లేస్తామన్నారు. ఈలోగా పొగమంచు కమ్మింది. మంచు విడిచేసరికి విమానం నడిపేవాళ్ళ పని గంటలు దాటిపోయాయి. వేరేవాళ్ళు రావాలి. జనాన్ని బస్సుల్లో ఒక హోటల్‌కి తోలారు. శుక్రవారం పొద్దున, అక్కడ బడి మొదలయ్యే వేళకి, ఆమె ఆ హోటల్ మెట్ల మీద ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడి ఉంది.

"చెప్పావా దానికి?" అని అడిగింది వదినని.

"చెప్పాను. నమ్మలేదు. అత్త వస్తానంటే వస్తుంది, నువ్వు సరిగ్గా వినలేదు అంది. నీలం గౌను వేసుకుని వెళ్ళింది. గేటు దగ్గరే నిలబడిందట, టీచర్ వచ్చి లోపలికి తీసుకెళ్ళేదాకా."

మేనత్త ఫోన్‌లో మళ్ళీ రెండు ఊళ్ళ పేర్లు కొట్టి చూసింది. ఆ ఊరి నుంచి పిల్ల ఉన్న ఊరు ఇంక రెండున్నర గంటల దారి. ఎనిమిది వేల కిలోమీటర్ల దూరం ఉన్నప్పుడు కూడా ఇంత దూరంలో ఉన్నాననిపించలేదు ఆమెకి.

శనివారం మధ్యాహ్నానికి చేరింది. గాజు తలుపులు తెరుచుకోగానే వదిన ఎదురొచ్చి గట్టిగా పట్టుకుంది. వదిన కొంచెం ఒళ్ళు చేసింది, జుట్టు కత్తిరించుకుంది. ఆమె వెనక ఆ శీతల యంత్రాలాయన. సంచి అందుకోవడానికి చెయ్యి చాపాడు.

"ప్రయాణం బాగా కష్టమైందా అండీ?"

"అబ్బే, ఏం లేదండీ," అంది ఆమె. ఏమని పిలవాలో తెలియలేదు. వదిన భర్తని పిలవడానికి తెలుగులో ఒక్కటే మాట ఉంది, అన్నయ్య. ఆ మాట వాడాల్సిన మనిషి పోయాక దాన్ని మళ్ళీ నోటికి తెచ్చుకోలేదు. మూడేళ్ళుగా ఫోన్‌లో అండీలతో, మీరులతో నెట్టుకొచ్చింది.

ఆయన వెనకనించి బొంగరం తొంగిచూసింది. ఎంత పొడుగైంది! తెరలో ఎప్పుడూ మొహమే కనిపించేది కాబట్టి కాళ్ళ సంగతి తెలియలేదు. మోకాళ్ళ మీద దెబ్బల మచ్చలు. ముందు పళ్ళు రెండూ వెడల్పుగా, కొంచెం ఒకదానిమీద ఒకటి ఎక్కి. మేనత్త వంగి చేతులు చాపింది.

పిల్ల రాలేదు. "శుక్రవారం అయిపోయింది," అంది. అంతే. కారులో కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చుంది.

"దీనికి కోపం ముక్కుమీదే ఉంటుంది, తెలుసుగా," అంది వదిన నొచ్చుకుంటూ. "వాళ్ళ నాన్న పోలిక."

ఆ ఇంట్లో వంటగది ఇరుకు, బాల్కనీ విశాలం. పిల్ల గదిలో ఆమెకి పరుపు వేశారు. సాయంత్రం బొంగరం తన దుప్పటీ తీసుకుని అమ్మానాన్నల గదిలోకి పోయింది. మేనత్త పిల్ల మంచం మీద తలపెట్టుకుని నేలమీద కూర్చుంది. తలగడకి పిల్ల వాసన లేదు. ఏదో సబ్బు వాసన, తనకి తెలియని సబ్బు. అన్నిటికంటే అది ఎక్కువ బాధపెట్టింది.

ఆదివారం పొద్దున ఆమె బాల్కనీలో కూర్చుని ఉంటే బొంగరం వచ్చి గుమ్మంలో నిలబడింది. నాలుకతో ఊగుతున్న పన్ను ఒకటి అటూ ఇటూ తోస్తోంది.

"ఆయన చచ్చిపోయాడా?"

"ఎవరు?"

"విమానంలో ఆయన. అమ్మ చెప్పింది."

"లేదు. బతికాడట. మమ్మల్ని మళ్ళీ ఎక్కించేటప్పుడు చెప్పారు."

పిల్ల ఒక అడుగు ముందుకేసింది. మేనత్త ఆ బూట్ల సంగతి చెప్పింది. ఆవిడ ఎలా నడిచిందో, బూట్లు ఎలా పట్టుకుందో, ఒకదాని లేసు కిందకి వేలాడుతుంటే ఎవరో ఎలా సర్దారో అంతా చెప్పింది. బొంగరం చెవులు రిక్కించి విన్నది.

"బూట్లెందుకు పట్టుకుంది?"

"తిరిగి నడుస్తాడని కాబోలు."

పిల్ల ఆలోచించింది. "అయితే నువ్వు రాకపోవడం నీ తప్పు కాదు."

"కాదు."

"నాకు కోపం ఇంకా ఉంది."

"ఉండనీ. ఎంతసేపుంటుందేం?"

"సాయంత్రం దాకా ఉండచ్చు."

"అయితే నేనిక్కడే కూర్చుంటాలే."

అంతసేపు పట్టలేదు. వచ్చి పక్కన కూర్చుని నోరు తెరిచి ఊగే పన్ను చూపించింది. "పీకేస్తావా?" అంది భయంగా.

"నేను పళ్ళు పెట్టేదాన్నే తల్లీ, పీకేదాన్ని కాదు. పీకడం డాక్టర్ల పని. అందుకే వాళ్ళకి చెడ్డ పేరు, నాకు మంచి పేరు."

బొంగరం పకపకా నవ్వింది. ఆ నవ్వు వినడానికే కదా అంత దూరం వచ్చింది. మేనత్త కళ్ళు తుడుచుకుని ఎండ కళ్ళలో పడుతోందని కుర్చీ జరుపుకుంది.

ఆ రోజంతా పిల్ల ఆమె కొంగు వదల్లేదు. ఈతకొలను చూపించింది, స్నేహితుల ఇళ్ళు చూపించింది, రోడ్డు దాటేటప్పుడు తనే అత్త చెయ్యి పట్టుకుని దాటించింది. ఆ ఊరి భాషలో దుకాణం మనిషితో గలగలా మాట్లాడి చిల్లర తీసుకుంది. ఒకప్పుడు ఈ చేతిని తాను పట్టుకుని నడిపించేదని మేనత్తకి గుర్తొచ్చింది.

సోమవారం మధ్యాహ్నం తిరుగు ప్రయాణం. పొద్దున్నే బొంగరం బడి సంచి తగిలించుకుని, "అత్తా, ఆ పళ్ళు పట్టుకుని రా," అంది. టీచర్ వేరే రోజు ఇవ్వడానికి లేదందట. అయితే గంట కొట్టేలోపు గేటు బయట ఎవరేం చేసినా టీచర్‌కి పనిలేదు. ఇదీ పిల్ల లెక్క. వదినకి పొద్దుటి డ్యూటీ ఉంది. ఆయనే ఇద్దరినీ తీసుకెళ్ళాడు.

గేటు దగ్గర పిల్లలు మూగారు. మేనత్త డబ్బా తెరిచి పై వరుసా కింది వరుసా రెండు చేతుల్లో పట్టుకుని టకటకా కొట్టించింది. ఒకమ్మాయి కెవ్వుమంది. ఒకడు ముట్టుకుంటానని ఎగబడ్డాడు. బొంగరం అందరినీ వెనక్కి తోసి మధ్యలో నిలబడి, చేతులు తిప్పుతూ ఆ ఊరి భాషలో ఉపన్యాసం మొదలుపెట్టింది. ఆ మాటల వరదలో మేనత్తకి అర్థమైంది ఒక్కటే మాట. అత్త. దాన్ని మాత్రం పిల్ల అలాగే ఉంచేసింది.

"ఏం చెప్తోందండీ?" అని పక్కనున్నాయన్ని అడిగింది.

"వీళ్ళ భాషలో పిన్నికీ అత్తకీ ఒకటే మాట. అది కాదు, ఈవిడ నాన్న చెల్లెలు, దానికి వేరే పేరుంది, అత్త అనాలి అని చెప్తోంది."

ఒక కుర్రాడు ఆయన వైపు చూపించి ఏదో అడిగాడు. బొంగరం తల అడ్డంగా ఊపి ఏదో చెప్పింది. ఆయన తెలుగులోకి తిప్పి చెప్పాడు.

"నా చెల్లెలా అని అడిగాడు. కాదు, మా లిఫ్టుల నాన్న చెల్లెలు అంది."

మేనత్త చేతిలోని పళ్ళు డబ్బాలో పెట్టేసింది. "దానికి... దానికి గుర్తుండే వయసు కాదే అప్పుడు."

"నేనే చెప్తుంటానండీ అప్పుడప్పుడూ. ఎక్కడ లిఫ్టు ఎక్కినా చెప్తాను. మీ వదిన మొదలుపెట్టి సగంలో ఆపేస్తుంది. ఎవరో ఒకరు చెప్పాలి కదా." ఆయన నేల చూపులు చూస్తూ అన్నాడు. "బొంగరం అని పేరెందుకు పెట్టారో కూడా చెప్పాను. తప్పా అండీ?"

"తప్పేం లేదు అన్నయ్యా," అంది ఆమె.

అంత తేలిగ్గా వస్తుందని ఆమె అనుకోలేదు. అన్నాక వెనక్కి తీసుకోవాలనీ అనిపించలేదు. ఆయన తలెత్తి చూసి జేబురుమాలు తీసి ఇచ్చాడు. తరువాత తనకే అవసరమై తిరిగి తీసుకున్నాడు.

గంట మోగింది. పిల్లలు లోపలికి పరుగెత్తారు. బొంగరం గేటు దాకా పోయి, వెనక్కొచ్చి, ఆమె నడుము చుట్టేసుకుంది. ఏడవలేదు. "స్నానం చేసి వస్తానని చెప్పకు ఈసారి," అంది. ఆ మాట పిల్లకి గుర్తున్నట్టు మేనత్తకి అప్పుడే తెలిసింది.

"చెప్పను. ఎప్పుడొస్తానో తెలియదు. తెలిసినప్పుడు చెప్తా."

"నేనే వస్తే?"

"నువ్వా? ఒక్కదానివా?"

"మా క్లాసులో ఒకడు ఒక్కడే వెళ్ళాడు వాళ్ళ నాన్న దగ్గరికి. మెళ్ళో ఒక కార్డు వేస్తారు. విమానంలో వాళ్ళే చూసుకుంటారు." చెప్పి లోపలికి పరుగెత్తింది.

తిరుగు ప్రయాణంలో గాలి నిజంగానే వెనకనుంచి తోసింది. చెప్పిన సమయానికన్నా ముందే దింపారు. చుట్టూ అందరూ సంతోషించారు.

పిల్లని ఒంటరిగా పంపడానికి వదిన ససేమిరా అంది. తొమ్మిదేళ్ళ పిల్ల, రెండు విమానాలు, మధ్యలో నాలుగు గంటలు ఎవరితోనో, నా వల్ల కాదు అంది. బొంగరం అన్నం మానలేదు, అలగలేదు. రోజూ ఒక్కసారి అడిగింది, అంతే. ఏడాది అడిగింది. చివరికి ఆయనే, "మనమిద్దరం అటునుంచి ఇటు వచ్చినవాళ్ళమే కదా. ఆ దారి దానికీ తెలియనీ," అన్నాడట. పెద్ద సెలవులకి టికెట్ తీశారు.

పిల్ల బయలుదేరిన రోజు మేనత్త పనికి వెళ్ళింది. ఇంట్లో ఉంటే పిచ్చెక్కేలా ఉందని వెళ్ళింది. బల్ల మీద ఫోన్, ఫోన్‌లో వంపు గీత, గీత మీద పసుపు రంగు బొమ్మ విమానం. ఈసారి అది ఇటు పాకుతోంది. మైనంలో ఒక పన్ను గుచ్చడం, ఫోన్ చూడడం, మళ్ళీ ఒక పన్ను. మధ్య ఊళ్ళో దిగిందని, ఒకామె చెయ్యి పట్టుకుని రెండో విమానం దాకా తీసుకెళ్ళిందని తెలిసేదాకా ప్రాణం ప్రాణంలో లేదు. పెద్దాయన వచ్చి ఆమె చేసిన సెట్టు ఎత్తి వెలుగులో పట్టి చూశాడు.

"అమ్మాయ్, కుడి కోరపళ్ళు రెండూ ఎడమవైపు పెట్టావు. ఇది పెట్టుకున్నవాడు నవ్వితే జనం పారిపోతారు."

"అయ్యో, క్షమించండి, మళ్ళీ చేస్తాను..."

"వద్దు తల్లీ. నువ్వు ఇవాళ పళ్ళు చేస్తే ఊళ్ళోవాళ్ళు బాగుపడరు. విమానాశ్రయానికి పో."

ఎంతో ముందుగా వెళ్ళి కూర్చుంది. ఎన్నో విమానాల జనం ఆమె ముందు నుంచి నడిచిపోయారు. కళ్ళు కాయలు కాచాక, యూనిఫారం వేసుకున్న ఒకమ్మాయి పక్కన మెళ్ళో కార్డుతో బొంగరం కనిపించింది. దర్జాగా నడుస్తోంది. అత్తని చూడగానే ఆ దర్జా అంతా పోయింది. అక్కడే నిలబడిపోయి ఏడుపు మొహం పెట్టింది. మేనత్త సంతకం పెట్టేదాకా ఆ అమ్మాయి వదల్లేదు. ఆమె సంతకం తన సంతకంలా లేదు.

ఇంటికొచ్చేసరికి రాత్రైంది. పిల్లకి ముందు రాత్రి కూడా విమానంలోనే గడిచింది. పాలు సగం తాగి, ఏదో చెప్తూ చెప్తూ మాట మధ్యలోనే నిద్రలోకి జారిపోయింది. మేనత్త కిటికీ తెర లాగి, మంచం పక్కన కూర్చుంది. ఇన్నేళ్ళు ఎదురుచూసిన పిల్ల చేతికందే దూరంలో ఉంది. అయినా లోపల ఎక్కడో బెంగ మొదలైపోయింది. సెలవులు అయిపోతాయి కదా అని. ఆ బెంగకి సిగ్గులేదని తనని తానే తిట్టుకుంది.

ఫోన్ మోగింది. వదిన. అక్కడింకా పొద్దుగూకి ఉండదు.

"పడుకుందా?" అంది. గొంతు బొంగురుపోయి ఉంది. చేరిన కబురు గంట క్రితమే ఇచ్చారు. అయినా అడుగుతోంది.

"పడుకుంది."

"సరే. ఊరికే చేశాను. ఉంటాను మరి." అంది గానీ పెట్టెయ్యలేదు. ఎనిమిది వేల కిలోమీటర్ల అవతల ఒక ఖాళీ గదిలో నిలబడి ఉందని మేనత్తకి తెలిసింది. ఏ గదో కూడా తెలుసు.

"ఉండు వదినా," అంది. లేచి తలుపు దగ్గరగా వేసి, మళ్ళీ వచ్చి కూర్చుని, గొంతు తగ్గించి చెప్పసాగింది. "కుడివైపు తిరిగి పడుకుంది. ఒక కాలు దుప్పటి బయట. పాలు సగమే తాగింది, ఆకలి లేదంది, విమానంలో బిస్కెట్లు తిందట. జడ విప్పుదామంటే వద్దంది, అమ్మ వేసింది, ఇవాళ్టికి ఉండనీ అంది. పక్క సీట్లో ఒక బామ్మగారు కూర్చుందట, దారంతా ఆవిడకి కబుర్లు చెప్పిందట..."

వదిన వింటోంది. మేనత్త చెప్తూనే ఉంది.